గ్యాస్ కిట్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చెక్ చేయండి

నేను ఇక్కడ ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తుంటా. ఈసారి గ్యాడ్జెట్ కాస్త పెద్దది, నాలుగు చక్రాలున్నది. కానీ దాన్ని చెక్ చేయడానికి మీ జేబులో ఉన్న ఫోనే సగం పని చేస్తుంది. అందుకే ఈ టాపిక్ ఇక్కడే రాస్తున్నా.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటా. ఊర్లో మా చిన్నాయనకి కిరాణా షాపు ఉంది. సామాన్ల కోసం వారానికి మూడుసార్లు అచ్చంపేట పోవాలి. నెలకోసారి నాయనమ్మని చెకప్‌కి హైదరాబాద్ తేవాలి. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అరేయ్, హైదరాబాద్‌ల ఒక కారు దొరికింది. గ్యాస్ బండి. కిలోమీటర్‌కు మూడు రూపాయలు కూడ పడదంట. సాయంత్రంలోపు ఇరవై వేలు అడ్వాన్స్ అడుగుతున్నరు. జర పోయి చూడు."

"చిన్నాయనా, ముందుగాల ఆర్‌సీ ఫోటో పెట్టమను. చూసినంక చెప్తా, అప్పటిదాకా పైసలు పంపకు" అన్నా.

అది లీటర్ ఇంజన్ హ్యాచ్‌బ్యాక్. మోడల్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కారు కంపెనీది కాదు, తర్వాత కిట్ వేసినవాళ్ళది. మార్కెట్ రేటు కన్నా దాదాపు నలభై వేలు తక్కువ చెప్తున్నారు. ఆ నలభై వేలు ఎందుకు తగ్గాయో తెలుసుకోవడానికి నాకు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో ఏం చూశానో, ఎందుకు చూశానో వరసగా చెప్తా.

ముందు బేసిక్స్: ఈ కిట్ ఎలా పనిచేస్తుంది?

ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. ట్యాంకులో ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. అక్కడి నుంచి పైపులో ఇంజన్ దగ్గరున్న రెడ్యూసర్‌కి వస్తుంది. కొందరు దీన్నే వేపరైజర్ అంటారు. ఇంజన్ కూలెంట్ వేడితో ద్రవాన్ని గ్యాస్‌గా మార్చి, ప్రెజర్ తగ్గించి ఇంజన్‌కి ఇవ్వడం దీని పని.

తర్వాత రెండు రకాలు. పాత రకం మిక్సర్ కిట్. గాలి వెళ్ళే దారిలో ఒక రింగ్ పెట్టి గ్యాస్‌ని కలుపుతారు, అంతే. కొత్త రకం సీక్వెన్షియల్ కిట్. ఇందులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గ్యాస్ ఇంజెక్టర్, వాటిని నడిపే వేరే ఈసీయూ ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే, పెట్రోల్ ఈసీయూ బ్యాకెండ్, గ్యాస్ ఈసీయూ మధ్యలో పెట్టిన మిడిల్‌వేర్. "ఈసారి ఇన్ని మిల్లీసెకన్లు పెట్రోల్ కొట్టు" అని బ్యాకెండ్ చెప్తే, మిడిల్‌వేర్ దాన్ని "ఇన్ని మిల్లీసెకన్లు గ్యాస్" అని మార్చి పంపుతుంది. ఈ మార్పిడి తప్పైతే ఏమవుతుందో కింద ఫోన్‌తో చూద్దాం.

కంపెనీ నుంచే ఎల్‌పీజీతో వచ్చిన కార్లు కూడా ఉన్నాయి. మారుతి వ్యాగన్ఆర్ డుయో, షెవర్లే బీట్ ఎల్‌పీజీ అలాంటివే. వాటికి ఆర్‌సీలో మొదటి నుంచే రెండు ఇంధనాలు రాసి ఉంటాయి. మన టాపిక్ బయట కిట్ వేయించిన బళ్ళు.

1. కారు కన్నా ముందు కాగితాలు

ఆర్‌సీలో ఫ్యూయల్ అన్న చోట చూడండి. పెట్రోల్, ఎల్‌పీజీ రెండూ ఉండాలి. ఉత్త పెట్రోల్ అని ఉండి డిక్కీలో గ్యాస్ ట్యాంక్ ఉందంటే ఆ కిట్ చట్టం దృష్టిలో లేనట్టే. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం బండిలో ఇలాంటి మార్పుకి అనుమతి ఉండాలి, మార్పు చేశాక 14 రోజుల్లో ఓనర్ ఆర్టీవోకి తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి 5,000 రూపాయల ఫైన్ గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఓనర్ మీరే. అంటే ఆ తలనొప్పి కూడా మీదే.

ఆన్‌లైన్‌లో చెక్ చేసేటప్పుడు ఒక చిన్న విషయం. కేంద్రం వారి వాహన్ డేటాబేస్‌లో చాలా ఏళ్ళు తెలంగాణ బళ్ళు లేవు. కాబట్టి ఎంపరివాహన్ యాప్‌లో వివరాలు రాకపోతే బండి దొంగదని కంగారు పడొద్దు, వచ్చింది కదా అని చూడకుండా వదలొద్దు. తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్లో నంబర్ కొట్టి చూడండి, ఆర్టీవో ఆఫీసులో కూడా అడగొచ్చు.

నంబర్ ప్లేట్ కూడా కథ చెప్తుంది. ఏపీ 22 అని ఉంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా రిజిస్ట్రేషన్, అంటే 2014కి ముందుదో, ఆ ఏడాది మొదటి సగానిదో. టీఎస్ 31 అంటే నాగర్‌కర్నూల్. 2024 మార్చి నుంచి కొత్త బళ్ళకి టీజీ వస్తోంది. సొంత కారు ఆర్‌సీ మొదట 15 ఏళ్ళకే ఇస్తారు, తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యూవల్ చేసుకోవాలి. ఏపీ నంబర్ బండి కొంటే ఆ 15 ఏళ్ళు ఎంత దగ్గర్లో ఉన్నాయో లెక్కేసుకోండి.

అడగాల్సిన మిగతా కాగితాలు ఇవి:

- కిట్ బిల్లు, వేసిన సెంటర్ సర్టిఫికెట్. కిట్‌కి ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థ ఇచ్చిన టైప్ అప్రూవల్ ఉండాలి.
- ట్యాంక్ సర్టిఫికెట్. దాని మీద సీరియల్ నంబర్ ఉంటుంది, దీన్ని తర్వాత ట్యాంక్ మీద నంబర్‌తో కలిపి చూస్తాం.
- ఇన్సూరెన్స్ పాలసీ. అందులో గ్యాస్ కిట్ ప్రస్తావన ఉండాలి. మోటార్ టారిఫ్ ప్రకారం దీనికి కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీ కింద 60 రూపాయలు ఎక్కువ. ఇంత చిన్న మొత్తం కోసం చాలామంది కిట్ సంగతి దాచేస్తారు. రేపు ఏదైనా జరిగితే కంపెనీ క్లెయిమ్ ఆపడానికి ఆ దాచిన ముక్క చాలు.
- పొల్యూషన్ సర్టిఫికెట్. అందులో ఇంధనం ఏమని రాశారో చూడండి.

బీఎస్-6 కారైతే ఇంకో పాయింట్. ఆ బళ్ళకి బయట గ్యాస్ కిట్ వేయడానికి అనుమతి 2022లో వచ్చింది. అంతకుముందే వేయించామని ఎవరైనా చెప్తే ఆ కిట్ దేని ఆధారంగా వేశారో అడగండి.

మా చిన్నాయన పంపిన ఆర్‌సీలో ఏముందంటారా? పెట్రోల్. అంతే. నేను అక్కడే ఆగిపోవచ్చు. కానీ ఆయన "అది తర్వాత ఎక్కించుకోవచ్చంటున్నరు" అన్నాడు. సరే, బండి కూడా చూద్దామని బయల్దేరా.

2. ఇంజన్ చల్లగా ఉండగానే వెళ్ళండి

అమ్మే ఆయనకి ముందే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే పొద్దున్నే ఏదో కష్టపడి స్టార్ట్ చేసి పెట్టారేమో అని అనుమానించాలి.

స్విచ్ పెట్రోల్ మీద పెట్టి స్టార్ట్ చేయండి. గ్యాస్ బండి కదా అని ఇది వదిలేయొద్దు. చాలామంది పెట్రోల్ ట్యాంక్ ఎప్పుడూ రిజర్వులోనే ఉంచి గ్యాస్ మీదే తిప్పుతారు. పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ట్యాంక్ ఎండబెట్టి తిప్పితే పంపు పోతుంది. వాడకుండా వదిలేసిన పెట్రోల్ ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. కాబట్టి కనీసం ఐదారు కిలోమీటర్లు పెట్రోల్ మీదే నడపండి. "పెట్రోల్ లేదు సార్, గ్యాస్ మీదే చూడండి" అంటే, రెండు లీటర్లు మీ డబ్బుతో పోయించండి. ఆ రెండు వందలు దండగ కాదు.

ఇంకోటి వాల్వుల సంగతి. పెట్రోల్‌తో పోలిస్తే గ్యాస్ పొడి ఇంధనం. మిశ్రమంలో గ్యాస్ తక్కువై, గాలి ఎక్కువైతే వేడి పెరుగుతుంది. కాలక్రమంలో వాల్వ్ సీట్లు అరిగి వాల్వులు లోపలికి కూరుకుపోతాయి. ఇక్కడ మోసపోయే పాయింట్ ఏంటంటే, ఇలా జరిగినప్పుడు ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది, అంటే శబ్దం కూడా తగ్గుతుంది. "ఇంజన్ ఎంత సైలెంట్‌గా ఉందో చూడండి" అంటే పొంగిపోవద్దు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడానికి సతాయించడం, ఐడిల్‌లో వణకడం దీనికి గుర్తులు. అనుమానం ఉంటే మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే ఇంజన్ పని ఉందని అర్థం.

3. డిక్కీ: అసలు రిస్క్ ఇక్కడుంది

ట్యాంక్ రెండు ఆకారాల్లో ఉంటుంది. స్టెప్నీ పెట్టే గుంతలో కూర్చునే గుండ్రటి టైరు లాంటిది ఒకటి, డిక్కీలో అడ్డంగా పడుకునే సిలిండర్ ఒకటి. ఏదైనా సరే, దాని మీద ప్లేట్ గానీ, చెక్కిన అక్షరాలు గానీ ఉంటాయి. మట్టి, పెయింట్ కింద దాక్కుంటే గుడ్డతో తుడిచి ఫోన్‌తో ఫోటో తీయండి. చూడాల్సినవి: సీరియల్ నంబర్, లీటర్లలో కెపాసిటీ, తయారైన నెల, చివరిసారి టెస్ట్ చేసిన నెల. ఆటో ఎల్‌పీజీ ట్యాంకులకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 14899. అనుమతులు చూసే సంస్థ నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో.

ఎల్‌పీజీ ట్యాంక్‌ని ఐదేళ్ళకోసారి నీళ్ళ ఒత్తిడితో టెస్ట్ చేయించాలి. దీన్నే హైడ్రో టెస్ట్ అంటారు. సీఎన్‌జీకైతే మూడేళ్ళు. టెస్ట్ చేశాక ఆ తేదీని ట్యాంక్ మీద కొడతారు, సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ ఉండి ట్యాంక్ మీద తేదీ లేకపోయినా, సీరియల్ నంబర్ కలవకపోయినా ఆ కాగితానికి విలువ లేదు.

వాల్వ్ దగ్గర మల్టీవాల్వ్ ఉండాలి. 80 శాతం నిండగానే ఫిల్లింగ్ ఆపడం, పైపు తెగితే గ్యాస్ ఆపడం, ప్రెజర్ మితిమీరితే బయటికి వదలడం, ఇంజన్ ఆగితే సోలినాయిడ్‌తో మూసేయడం దీని పనులు. 80 శాతం ఎందుకంటే, ద్రవ ఎల్‌పీజీ వేడికి బాగా ఉబ్బుతుంది. మన పాలమూరు మే నెల ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ ఊహించుకోండి. ట్యాంక్ నిండుగా ఉంటే ఉబ్బడానికి చోటుండదు, ప్రెజర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మల్టీవాల్వ్ మీద గాలి చొరబడని మూత, అందులోంచి కారు కిందికి వెళ్ళే వెంట్ గొట్టాలు ఉండాలి. లీకైన గ్యాస్ బయటికి పోవడానికే ఆ గొట్టాలు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైంది, కిందకి దిగి సందుల్లో పేరుకుంటుంది. వెంట్ లేకపోతే అది పేరుకునే చోటు వెనక సీట్లో మీవాళ్ళు కూర్చునే చోటే.

లీక్ చెక్ కోసం సబ్బు నీళ్ళు చాలు. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్ళలో కలిపి స్ప్రే బాటిల్‌లో తీసుకెళ్ళండి. ట్యాంక్ జాయింట్లు, గ్యాస్ నింపే మూత, బానెట్ కింద పైపు జాయింట్లు అన్నిటి మీదా కొట్టండి. బుడగలు పెరిగితే లీకు. అగ్గిపుల్ల, లైటర్ పేరే ఎత్తొద్దు. మనలో కొందరు ఎంక్యూ-6 సెన్సర్, ఆర్డుయినోతో లీక్ డిటెక్టర్ చేసి ఉంటారు, బీటెక్‌లో నేనూ చేశా. కాలేజీ ప్రాజెక్టుకి ఓకే. ఇక్కడ మాత్రం సబ్బు నురగనే నమ్మండి.

మేం చూసిన బండికి ట్యాంక్ మీద చివరి తేదీ దాటి మూడేళ్ళు అయింది. "డేట్ గీట్ ఎవరు చూస్తరు సార్" అన్నాడు అమ్మే ఆయన. నేను డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తుంటే కింద గుడ్డలో చుట్టిన ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరికింది, చిన్న రబ్బరు గొట్టంతో సహా. ఏంటిదని అడిగా. "మీ ఊర్లో గ్యాస్ బంకు లేకపోతే దీంతో ఇంట్లో సిలిండర్ నుంచి నింపుకోవచ్చు. ఫ్రీగా ఇస్తున్నా" అన్నాడు, ఆఫర్ చెప్పినట్టు.

కిలోమీటర్‌కి మూడు రూపాయల లెక్క ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

4. "రెండూ ఒకటే గ్యాస్ కదా, నింపితే ఏమైతది?"

చిన్నాయన నన్ను ఇదే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నిజమే, ఇంటి సిలిండర్‌లో ఉండేది కూడా ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమమే. ఇంజన్ నడుస్తుంది కూడా. ప్రమాదం ఇంజన్‌లో కాదు, నింపే దగ్గర ఉంది.

బంకులో నాజిల్ గట్టిగా లాక్ అవుతుంది, బయట బహిరంగ ప్రదేశం, చుట్టుపక్కల స్పార్క్ వచ్చేవి ఉండవు. ఇంట్లో ఏం చేస్తారు? సిలిండర్‌ని తలకిందులు చేసి, గొట్టం బిగించి, చిన్న మోటారుతో ద్రవాన్ని తోస్తారు. గొట్టం ఊడిందంటే బయటికొచ్చేది గ్యాస్ కాదు, ద్రవం. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. అది నేల మీద పాకుతుంది. ఆ మోటారు స్విచ్చే స్పార్క్ ఇస్తుంది. మా చిన్నాయన ఇంట్లో షాపు, వంటిల్లు, నాయనమ్మ మంచం అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి.

ఇక చట్టం సంగతి. ఇంటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండర్ గ్యాస్‌ని బండికి వాడటం నేరం, నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు అవుతుంది. ఇలా నింపే షెడ్ల మీద దాడుల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం.

సో, డిక్కీలో ఇలాంటి అడాప్టర్ గానీ, గ్యాస్ నింపే మూత దగ్గర రెంచి గీతలు గానీ కనిపిస్తే, ఆ ట్యాంక్ 80 శాతం రూల్‌ని ఎన్నిసార్లు దాటిందో ఎవరికీ తెలీదని గుర్తుంచుకోండి.

5. ఇప్పుడు మన ఫోన్ పని

కావాల్సింది ఒక ఈఎల్ఎం327 బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్. స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్ట్‌లో దీన్ని గుచ్చాలి. ఐఫోన్ వాడేవాళ్ళు చూసి కొనండి. మామూలు బ్లూటూత్ అడాప్టర్ ఐఫోన్‌కి కలవదు, వైఫైది గానీ బ్లూటూత్ లో ఎనర్జీది గానీ తీసుకోవాలి. 2.1 వెర్షన్ అని అమ్మే చవక క్లోన్లు కొన్ని కమాండ్లకి సమాధానం ఇవ్వవు, 1.5 ఉన్నది వెతకండి.

అన్ని పాత కార్లకీ ఇది పనిచేస్తుందా? బీఎస్-4 బళ్ళకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి. దేశమంతా బీఎస్-4 అమలైంది 2017 ఏప్రిల్ నుంచి. కాబట్టి 2017 తర్వాతి కారుకి ఉంటుంది, అంతకు ముందువి పోర్ట్ చూసి తెలుసుకోవాలి.

మొదటి చెక్: ఎర్రర్ కోడ్లు. పీ0171 అంటే ఇంధనం తక్కువవుతోంది, పీ0172 అంటే ఎక్కువవుతోంది, పీ0300 అంటే మిస్‌ఫైర్. కోడ్లేమీ లేవా? సంతోషించే ముందు రెండో చెక్ చేయండి.

రెండో చెక్: కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, రెడీనెస్ మానిటర్లు పూర్తయ్యాయా. యాప్‌లో ఈ రెండూ కనిపిస్తాయి. కోడ్లు చెరిపితే మానిటర్లు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతాయి. మేం చూసిన బండి ఎర్రర్లు సున్నా, కానీ చెరిపాక తిరిగిన దూరం 11 కిలోమీటర్లు. అంటే నేను వచ్చే ముందే ఎవరో బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేశారన్నమాట.

మూడో చెక్: ఫ్యూయల్ ట్రిమ్. అసలు మజా ఇదే. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి, ఇంధనం తక్కువైందా ఎక్కువైందా అని ఈసీయూ నిరంతరం సరిచేస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్, నేర్చుకుని దాచుకున్నది లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండూ కూడండి. ప్లస్ అంటే ఇంధనం చాలక ఎక్కువ పోస్తోంది, మైనస్ అంటే ఎక్కువై తగ్గిస్తోంది.

ఇంజన్ వేడెక్కాక ముందు పెట్రోల్ మీద ఐడిల్‌లో, తర్వాత 2500 ఆర్పీఎం దగ్గర నంబర్లు రాసుకోండి. ఇప్పుడు గ్యాస్‌కి మార్చి అవే రెండు నంబర్లు మళ్ళీ రాసుకోండి.

- రెండు ఇంధనాల మీదా ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే కిట్ ట్యూనింగ్ బాగుంది.
- 10 వరకు సర్దుకోవచ్చు, ట్యూనింగ్ చేయిస్తే సరిపోతుంది.
- పెట్రోల్ మీద బాగుండి గ్యాస్ మీద 20 దాటితే సమస్య కిట్‌ది: ఇంజెక్టర్, ఫిల్టర్, రెడ్యూసర్ లేదా తప్పు మ్యాపింగ్.
- రెండింటి మీదా చెడ్డగా ఉంటే సమస్య ఇంజన్‌లోనే.

మా బండి పెట్రోల్ మీద ప్లస్ 3, గ్యాస్ మీద ప్లస్ 21. అంటే గ్యాస్ మీద ఇంధనం చాలక వేడిగా తిరుగుతోంది. పైన చెప్పిన వాల్వ్ సీట్లు గుర్తున్నాయా? అదే.

ఒక హెచ్చరిక. కొన్ని పాత కిట్లలో ఎమ్యులేటర్ అని ఒకటి ఉంటుంది. గ్యాస్ మీద ఉన్నప్పుడు అది ఈసీయూకి ఆక్సిజన్ సెన్సర్ బదులు నకిలీ సిగ్నల్ పంపుతుంది, చెక్ ఇంజన్ లైట్ వెలగకుండా. అలాంటప్పుడు గ్యాస్ మీద ట్రిమ్ నంబర్లు నమ్మలేం. యాప్‌లో ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ పెట్టండి. పెట్రోల్ మీద 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గజిబిజిగా ఊగేది, గ్యాస్‌కి మార్చగానే గీత గీసినట్టు ఒకే తీరుగా కొట్టుకుంటే అది ఎమ్యులేటర్ పనే.

6. డ్రైవ్, బానెట్ కింద

గ్యాస్‌కి మారేటప్పుడు చిన్న కుదుపు మామూలే. ఇంజన్ ఆగిపోవడం, ఏసీ వేస్తే చచ్చిపోవడం మామూలు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు చూడండి. మాకైతే శ్రీశైలం హైవేలో మన్ననూర్ దాటాక నల్లమల ఘాట్ రోడ్డే అసలు టెస్ట్ ట్రాక్. మీకు దగ్గర్లో ఫ్లైఓవర్ ఉన్నా చాలు. ఎక్కేటప్పుడు టప్ మని ఇన్‌టేక్ వైపు పేలినట్టు శబ్దం వస్తే బ్యాక్‌ఫైర్. మిక్సర్ కిట్లలో ఇది ఎయిర్ ఫిల్టర్ డబ్బాని కూడా పగలగొడుతుంది. ముందు స్పార్క్ ప్లగ్‌లు, కాయిల్స్ చూపించండి.

బండి ఆపి బానెట్ తీయండి. రెడ్యూసర్ మీద మంచు పట్టినట్టు తెల్లగా ఉందా? అయితే దానికి వేడి కూలెంట్ చేరట్లేదు. కూలెంట్ తక్కువై ఉండొచ్చు, పైపు మూసుకుపోయి ఉండొచ్చు. వైర్లు టేపుతో చుట్టి వేలాడుతుంటే కిట్ ఎవరు వేశారో అంచనా వేసుకోవచ్చు. మంచి పనికి ఫ్యూజ్, సరైన కనెక్టర్లు, క్లిప్పులు కనిపిస్తాయి. కారు కింద గ్యాస్ పైపు సైలెన్సర్‌కి దూరంగా, బిగించి ఉండాలి.

7. ఆఖరిగా లెక్క

ఎల్‌పీజీ లీటరులో ఉండే శక్తి పెట్రోల్ కన్నా తక్కువ. మైలేజ్ 20 నుంచి 25 శాతం పడిపోతుంది. కాబట్టి రూల్ సింపుల్: గ్యాస్ లీటరు ధర పెట్రోల్ ధరలో 75 శాతం కన్నా తక్కువ ఉంటేనే లాభం మొదలవుతుంది.

ఉదాహరణకి పెట్రోల్ 107, గ్యాస్ 65 అనుకుందాం. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. పెట్రోల్ మీద లీటరుకి 16 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటర్‌కి 6 రూపాయల 69 పైసలు. గ్యాస్ మీద 12.5 ఇస్తే 5 రూపాయల 20 పైసలు. మిగిలేది కిలోమీటర్‌కి రూపాయిన్నర. మూడు రూపాయల బండి అనేది లెక్కలో ఎక్కడా లేదు, గమనించండి.

35 లీటర్ల ట్యాంక్‌లో 80 శాతం, అంటే 28 లీటర్లు పడుతుంది. 350 కిలోమీటర్లు వస్తుంది, పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు 520 రూపాయలు మిగులుతుంది. కానీ గ్యాస్ కోసమే రానూపోనూ 40 కిలోమీటర్లు తిరగాల్సి వస్తే? మీ పనికి మిగిలేది 310 కిలోమీటర్లే. అవి పెట్రోల్ మీద తిరిగితే 2,074 రూపాయలు. ఒక ట్యాంక్ గ్యాస్ 1,820. మిగిలింది 254. ఇందులోంచే ఫిల్టర్లు, ట్యూనింగ్, ఐదేళ్ళకోసారి టెస్ట్ ఖర్చు. హైదరాబాద్‌లో రోజూ తిరిగేవాళ్ళకి, దారిలో బంకు ఉన్నవాళ్ళకి ఈ లెక్క వర్కవుట్ అవుతుంది. బల్మూర్, అచ్చంపేట మధ్య తిరిగే కిరాణా షాపు ఆయనకి అవ్వదు. బంకు దూరమైతే మనిషికి ఆ ఇత్తడి అడాప్టర్ గుర్తొస్తుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలు.

అన్నీ నచ్చి, ఆర్‌సీలో మాత్రం ఎల్‌పీజీ లేకపోతే?

రెండే దార్లు. ఒకటి, అమ్మే ఆయనే ఖర్చు పెట్టుకుని, ట్యాంక్ టెస్ట్ చేయించి, ఆర్‌సీలో ఎక్కించి ఇవ్వాలి. ఆ తర్వాతే మీ డబ్బు. "తర్వాత చేసుకోవచ్చు" అన్నది ఎంత తేలికైతే ఆయనే చేసి ఇవ్వొచ్చు కదా. రెండోది, సరైన సెంటర్లో గ్యాస్ ఖాళీ చేయించి, కిట్ మొత్తం పీకించి పెట్రోల్ బండిగా కొనడం. అప్పుడు కిట్‌కి ఒక్క రూపాయి విలువ కట్టొద్దు. ఫామ్ 29, 30 సంతకాలు అయ్యాక ట్రాన్స్‌ఫర్ వెంటనే చేయించండి, ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదికి మార్చుకోండి.

స్క్రీన్‌షాట్ కోసం షార్ట్ లిస్ట్

- ఆర్‌సీలో రెండు ఇంధనాలు
- ఇన్సూరెన్స్‌లో కిట్ ప్రస్తావన
- ట్యాంక్ మీద సీరియల్ నంబర్, ఐదేళ్ళ లోపు టెస్ట్ తేదీ
- మల్టీవాల్వ్, మూత, వెంట్ గొట్టాలు
- సబ్బు నీళ్ళ టెస్ట్
- చల్లటి ఇంజన్, పెట్రోల్ మీద స్టార్ట్
- కోడ్లు చెరిపాక తిరిగిన దూరం
- పెట్రోల్ మీద, గ్యాస్ మీద ఫ్యూయల్ ట్రిమ్
- మీ దారిలో గ్యాస్ బంకు

ఇందులో మొదటిది, మూడోది, ఐదోది ఫెయిలైతే మిగతావి ఎంత బాగున్నా వదిలేయండి.

మా చిన్నాయనకి ఆ రోజు సాయంత్రం ఫోన్ చేసి వద్దని చెప్పా. "ఇరవై వేలు అడ్వాన్స్ కోసం షాపుల పైసలు తీసి పెట్టిన" అని కొంచెం అలిగాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను తీసిన అడాప్టర్ ఫోటో, ట్యాంక్ తేదీ ఫోటో వాట్సాప్‌లో పెట్టి, నెలకోసారి ఆ బండిలో వెనక సీట్లో ట్యాంక్‌ని ఆనుకుని కూర్చునేది నాయనమ్మ కదా అని ఒక లైన్ రాశా. కాసేపటికి రిప్లై వచ్చింది.

"సరేరా. పెట్రోల్ బండే చూడు. నీ బ్లూటూత్ డబ్బా కూడ పట్టుకరా."